తెల్లకాగితం మీద సంతకం

207.98.

ఈ అంకె ఏమిటో చెప్పుకోండి చూద్దాం! బంగారం ధర కాదు. పరీక్షలో మార్కులూ కావు. ముప్పై ఏళ్ల మనిషి పనిచేస్తూ ప్రాణం పోగొట్టుకుంటే, అతని కుటుంబానికి యజమాని ఎంత చెల్లించాలో తేల్చడానికి మన చట్టం పెట్టుకున్న గుణకం. నెల జీతంలో సగాన్ని ఈ అంకెతో హెచ్చవేయాలి. పోయింది ఇరవై ఏళ్ల కుర్రాడైతే అంకె 224. నలభై ఏళ్ల మనిషైతే 184.17. అరవై ఏళ్లయితే 117.41. వయసు పెరిగేకొద్దీ అంకె తరుగుతుంది. బతికుంటే ఇంకా ఎన్నాళ్లు సంపాదించి పెట్టేవాడన్నదే అక్కడ లెక్క.

చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. మనిషిని ఇలా పట్టిక వేసి కొలుస్తారా అనిపిస్తుంది. కానీ ఆ పట్టిక ఒకటుందని తెలియని ఇళ్లలో ఏం జరుగుతుందో దగ్గరుండి చూసినవాణ్ని. ఆ అంకె ఎంత అవసరమో అక్కడే తెలిసింది.

మాది చీపురుపల్లికి నాలుగడుగుల దూరంలోని పల్లె. విజయనగరం జిల్లాలో వర్షాధారపు పొలాలున్న ఊళ్లన్నిటిలాగే మా ఊళ్లోనూ ఏటా కొన్నాళ్లపాటు ఇళ్లకు తాళాలు కనిపిస్తాయి. ముసలాళ్లూ, బడికెళ్లే పిల్లలూ మిగులుతారు. తక్కినవాళ్లంతా సంచులు సర్దుకుని చీపురుపల్లి స్టేషన్లో రైలెక్కేస్తారు. విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై... ఎక్కడ మేడలు లేస్తుంటే అక్కడికి. వెళ్లేముందు కనకమహాలక్ష్మి అమ్మవారికి ఓ కొబ్బరికాయ కొట్టి, జాతరకు తిరిగొస్తామని మొక్కుకుంటారు.

మా పెద్దమ్మ కొడుకు కూడా అలాగే వెళ్లాడు. నాకు అన్నయ్య. 2012లో ఓ అపార్ట్‌మెంటు పనిలో, నాలుగో అంతస్తు దగ్గర పరంజా మీద నుంచి పడిపోయాడు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు. ఇంట్లో భార్య, ఐదేళ్ల కూతురు, ఎప్పుడో భర్తను పోగొట్టుకున్న మా పెద్దమ్మ.

నేనప్పుడు జర్నలిజం డిప్లొమా చేస్తున్నాను. ‘‘నువ్వు సదువుకున్నోడివి, కూడా రా బాబూ’’ అని ఊళ్లో పెద్దలు నన్నూ ఆస్పత్రికి తీసుకెళ్లారు.

ఏమీ రాయని కాగితం

శవపరీక్ష గది బయట వేపచెట్టు కింద కాంట్రాక్టరు తరఫు మనుషులు ముగ్గురున్నారు. ఎంతో మర్యాదగా మాట్లాడారు. మంచినీళ్ల సీసాలు తెచ్చిచ్చారు. శవాన్ని ఊరికి చేర్చడానికి బండి తామే మాట్లాడామన్నారు. చివర్లో ఒకాయన మా వదిన పక్కన కూర్చుని, రెండు లక్షల రూపాయలున్న సంచీ, ఓ తెల్లకాగితం ముందు పెట్టాడు. ‘‘సంతకం పెట్టేస్తే పొద్దుగూకేలోగా ఊరికి వెళ్లిపోవచ్చమ్మా’’ అన్నాడు.

ఊరి పెద్దలకు అది సబబుగానే తోచింది. చీకటి పడకుండా దహనం అయిపోవాలి. కేసులూ కోర్టులూ అంటే మళ్లీ మళ్లీ తిరగాలి. ఛార్జీలెవరిస్తారు? పెద్దవాళ్లతో పెట్టుకుని గెలుస్తామా? రేపు మన ఊరి కుర్రాళ్లకి పని ఇస్తారా? అన్నీ నిజమైన భయాలే. అందులో ఏ ఒక్కదాన్నీ కొట్టిపారేయడానికి లేదు.

మా వదిన ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

‘‘దీని మీద ఏటీ నేదు గదా? ఏటీ నేని కాయితానికి సంతకం దేనికి?’’ అంది.

తర్వాత రాసుకుంటామన్నారు వాళ్లు.

‘‘అయితే రాసినాకే తెండి. సదివి పెడతాను’’ అంది.

అప్పటిదాకా మర్యాదగా ఉన్న గొంతు మారింది. ‘‘మీ ఆయన తాగి ఎక్కాడమ్మా. అది బయటికొస్తే పైసా రాదు. మేం మానవత్వంతో ఇస్తున్నాం’’ అన్నాడు సంచీ తెచ్చినాయన. మా పెద్దమ్మ అంతవరకూ గోడకు చేరగిలబడి ఉంది. ఒక్కసారి లేచి నిలబడి, ‘‘నా కొడుకు తాగీవోడు కాడు’’ అని అరిచింది. ఆ మాట ఇంకో రెండుసార్లు అంది. ఆ సాయంత్రం ఆవిడ మాట్లాడింది అంతే.

వదిన సంతకం పెట్టలేదు. పోలీసు కేసు నమోదైంది, శవపరీక్ష జరిగింది, బండి కిరాయి ఊళ్లోవాళ్లు తలా కొంత వేసుకుని కట్టారు. అన్నయ్యకి నిప్పు పెట్టేసరికి రాత్రి పదకొండయ్యింది.

ఆ తెల్లకాగితానికి చట్టం దృష్టిలో ఏపాటి విలువుందో మాకు ఆ తర్వాత, ఓ యూనియన్ పెద్దాయన చెబితే తెలిసింది. ఏపాటీ లేదు! ‘నాకు నష్టపరిహారం వద్దు’ అనో, ‘ఇంత తీసుకుని హక్కు వదులుకున్నాను’ అనో కార్మికుడుగానీ, అతని కుటుంబంగానీ రాసిచ్చినా అది చెల్లదు. మరణం విషయంలో చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. పరిహారాన్ని యజమాని నేరుగా కుటుంబం చేతిలో పెట్టకూడదు. కార్మిక పరిహార కమిషనర్ దగ్గర జమ చేయాలి. ఆ అధికారి విచారించి ఎవరి వాటా ఎంతో తేల్చి పంచుతారు. చేతికిచ్చిన డబ్బు పరిహారం కిందికే రాదు. వేపచెట్టు కింద జరిగే బేరాలు ఈ దేశంలో కొత్త కాదని 1923లో చట్టం రాసినవాళ్లకూ తెలుసన్నమాట.

మరి ఆ ‘తాగి ఎక్కాడు’ అన్న బెదిరింపు? అదీ ఉత్తదే. కార్మికుడు మత్తులో ఉన్నాడనో, భద్రతా నిబంధన కావాలని ఉల్లంఘించాడనో చెప్పి యజమాని తప్పించుకునే వీలు చిన్న గాయాలకే ఉంది. మరణానికీ, శాశ్వతంగా పనికి పనికిరాకుండా పోయిన సందర్భానికీ ఆ సాకు పనిచేయదు. అన్నయ్య తాగేవాడు కాదు. ఒకవేళ తాగి ఉన్నా కూడా వదినకు రావలసినది రావలసిందే.

ముప్పై రెండేళ్ల ఆలస్యం

ఇంతకీ ఈ చట్టం ఎప్పటిది? దాని వయసు తెలుసుకోవాలంటే మా చీపురుపల్లి చరిత్రలోకి ఓసారి తొంగిచూడాలి.

ఇప్పుడు పిల్లలకు చెబితే నమ్మరు గానీ, దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మా ప్రాంతంలోనే. 1892లో. చీపురుపల్లి చుట్టుపక్కల కోడూరు, గర్భాం గనుల పేర్లు అప్పట్లో విదేశీ ఉక్కు వ్యాపారులకూ తెలుసు. ఉక్కు గట్టిపడాలంటే మాంగనీసు కావాలి మరి. భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మార్ 1909లో వెలువరించిన తన పెద్ద గ్రంథంలో ఇక్కడి రాయిని వర్ణించాడు. ఆయన పెట్టిన ‘కోడురైట్’ అన్న పేరు మా కోడూరు నుంచి వచ్చిందే. తర్వాతి కాలంలో పక్కనే గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వచ్చింది. శ్రీరాంనగర్ వెలిసింది.

రాయికి ఊరి పేరు దక్కింది. ఆ రాయి మోసినవాళ్ల సంగతో?

కార్మిక నష్టపరిహార చట్టం 1923లో తయారై 1924 జులై 1న అమల్లోకి వచ్చింది. అంటే మా దగ్గర గనులు తెరిచిన ముప్పై రెండేళ్లకు! అంతకుముందు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఒకటి ఉండేది. దాని ప్రకారం చనిపోయినవాడి కుటుంబం సివిల్ కోర్టుకెక్కి, తప్పు యజమానిదేనని రుజువు చేయాలి. గనిలో తట్ట మోసే మనిషి భార్య దొరల కంపెనీ మీద దావా వేసి, సాక్షుల్ని తెచ్చి, తప్పు నిరూపించడమా? అయ్యే పనేనా!

1924లో వచ్చిన పెద్ద మార్పు అదే. తప్పెవరిదన్న ప్రశ్న పక్కకు పోయింది. ‘పని కారణంగా, పనిలో ఉండగా ప్రమాదం జరిగిందా?’ అన్నదొక్కటే ప్రశ్న. జరిగితే యజమాని చెల్లించాలి. లాభం వచ్చినప్పుడు తీసుకునేవాడు ఆ లాభం కోసం జరిగిన నష్టాన్నీ మొయ్యాలన్నది దాని వెనకున్న న్యాయం. జర్మనీలో బిస్మార్క్ 1884లోనే ప్రమాద బీమా తెచ్చాడు. బ్రిటన్లో 1897లో పరిహార చట్టం వచ్చింది. మన వంతు వచ్చేసరికి మరో పాతికేళ్లు దాటింది.

ఈ చట్టంలో మా ఊరివాళ్లను ఆపి చదివించే మాట ఇంకోటుంది. వృత్తివల్ల వచ్చే జబ్బుల జాబితా. సీసం, పాదరసం, ఆర్సెనిక్‌ల సరసన మాంగనీసు కూడా అందులో ఉంది. మాంగనీసు ధూళి ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళితే మెదడు దెబ్బతింటుంది. చేతులు వణుకుతాయి. నడక తడబడుతుంది. ముఖం బిగుసుకుపోతుంది. చూడ్డానికి పార్కిన్సన్ జబ్బులాగే ఉంటుంది. అలాంటి పనిలో ఆరు నెలలు వరుసగా చేసినవాడికి ఆ జబ్బు వస్తే, దాన్ని ప్రమాదంతో సమానంగా లెక్కగట్టి పరిహారం ఇవ్వాలి. కాదనదలిస్తే, కాదని రుజువు చేయాల్సింది యజమానే.

మా తాత కుర్రతనంలో ఓ గనిలో మాంగనీసు కొట్టాడు. ముసలితనంలో టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా తొణికేది. ‘‘గని వణుకురా ఇది’’ అని నవ్వేసేవాడు. అది వయసు తెచ్చిన వణుకో, గని తెచ్చిన వణుకో ఏ డాక్టరూ పరీక్షించలేదు. ఆయనా అడగలేదు. దెబ్బ తగిలితే నెత్తురు కనిపిస్తుంది. ధూళి చేసే గాయానికి సాక్ష్యం దొరకదు. జబ్బు బయటపడేసరికి పని మానేసి ఎన్నో ఏళ్లవుతుంది. మస్టరు రోలులో పేరుందో లేదో కూడా తెలియదు. అందుకే జాబితాలో ఉన్న జబ్బులకు కూడా పరిహారం అందుకున్నవాళ్లు మనకు అంత తేలిగ్గా కనబడరు.

మా మనిషి కాదు!

అన్నయ్య విషయంలో అసలు చిక్కు తర్వాత మొదలైంది. వదిన దరఖాస్తు పెట్టింది. కాంట్రాక్టరు నుంచి జవాబు వచ్చింది. ‘ఇతనెవరో మాకు తెలియదు. మేస్త్రీ మనిషి’ అని. మేస్త్రీ ఏమో, ‘నేనూ కూలివాణ్నే’ అన్నాడు. కట్టిస్తున్న కంపెనీవాళ్లు, ‘మేం పని కాంట్రాక్టుకిచ్చేశాం, మాకు సంబంధం లేదు’ అన్నారు. బతికున్నంతకాలం ముగ్గురికీ పనిచేసిన మనిషి చచ్చిపోయేసరికి ఎవరికీ కాకుండా పోయాడు.

దీనికీ చట్టంలో జవాబుంది. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకిచ్చినా సరే, ఆ పనిలో ప్రమాదం జరిగితే అసలు యజమాని తన సొంత ఉద్యోగికి ఇచ్చినట్లే పరిహారం ఇవ్వాలి. ఆ తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం ఆయనిష్టం. వాళ్లిద్దరి లెక్కలు తేలేదాకా విధవరాలు ఎదురుచూడక్కర్లేదు.

అన్నయ్య అక్కడ పనిచేశాడని చెప్పడానికి మా దగ్గరున్నదల్లా ఒక చిన్న నోటుబుక్కు. మేస్త్రీ వారం వారం ఇచ్చిన డబ్బు అన్నయ్య అందులో రాసుకునేవాడు. ఇంటికి పంపినది ఎంత, తిండికి ఎంత, బాకీ ఎంత... అన్నీ వంకర అక్షరాలతో. ఆ పుస్తకమూ, తోటి పనివాళ్లిద్దరి సాక్ష్యమూ, పోలీసుల ఎఫ్‌ఐఆరూ కేసును నిలబెట్టాయి. కేసు వేయడానికి ప్రమాదం జరిగిన ఊరికే వెళ్లనక్కర్లేదు. కుటుంబం నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. 1995 సవరణతో వచ్చిన ఈ వెసులుబాటు లేకపోతే వదిన మొదటి వాయిదాకే ఆశ వదిలేసుకునేది.

వాయిదాలు పడ్డాయి. అవతలి పక్షం గడువు అడుగుతూనే ఉంది. ప్రతి వాయిదాకీ వదిన ఓ రోజు కూలి పోగొట్టుకునేది. ‘రెండు లచ్చలు ఆ రోజే తీసీసుకుంటే పోయేది’ అని ఊళ్లో గొణిగినవాళ్లున్నారు. ఆమెకూ ఆ మాట లోపల తొలుస్తూనే ఉండి ఉంటుంది. బయటికి మాత్రం అనలేదు.

మూడేళ్లు పట్టింది. నెలకు ఆరు వేల రూపాయల జీతాన్ని అధికారి ఒప్పుకున్నారు. అందులో సగం మూడు వేలు. దాన్ని 207.98తో హెచ్చవేస్తే 6,23,940 రూపాయలు. నెల రోజుల్లో చెల్లించకపోతే ఏటా నూటికి 12 చొప్పున వడ్డీ కట్టాలి. అదీ కలిసేసరికి ఎనిమిది లక్షలు దాటింది. పరిహారం బాకీ పడేది ప్రమాదం జరిగిన రోజు నుంచేగానీ, తీర్పు వచ్చిన రోజు నుంచి కాదని 1976లో నివేదితమైన ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. లేకపోతే ఎన్ని వాయిదాలు పడితే అంత లాభమన్నట్టు ఉండేది యజమానులకు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా అదనంగా వేయొచ్చు.

ఆ డబ్బులో పెద్దమ్మకు కొంత, వదినకు కొంత. పాప వాటా ఆమె మేజరయ్యేదాకా బ్యాంకులో డిపాజిట్. ఐదేళ్ల ఆ పాప ఇప్పుడు డిగ్రీలో చేరింది. ఫీజు కట్టింది ఆ డిపాజిట్‌తోనే. తెల్లకాగితం మీద సంతకం పడి ఉంటే రెండు లక్షల్లో అప్పులు పోగా పాప పేరిట ఏం మిగిలేదో చెప్పలేం.

కెమెరాలున్న చావు, లేని చావు

ఈ ఉద్యోగంలోకి వచ్చాక ప్రమాదాల వార్తలు చాలా చదివాను, కొన్ని రాశాను. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో, కడుతున్న పదకొండంతస్తుల భవనం కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవాళ్లే. భార్యాభర్తలు కలిసి పనికి వెళ్లి కలిసి పోయిన ఇళ్లున్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసెన్షియా ఫార్మా కర్మాగారంలో పేలుడుకు 17 మంది బలయ్యారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీలో 50 మందికి పైగా పోయారు.

ఇలాంటప్పుడు మనకు టీవీలో వినిపించే మాట ‘ఎక్స్‌గ్రేషియా’. ఎల్‌జీ పాలిమర్స్ ఘటనలో చనిపోయినవారి కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ప్రకటించింది. అచ్యుతాపురం మృతుల కుటుంబాలకూ కోటి. అందాల్సిందే, తప్పకుండా అందాల్సిందే. కానీ ఆ మాటకు అర్థం ‘దయతో ఇచ్చేది’ అని. నష్టపరిహారం దయ కాదు, బాకీ. ఎక్స్‌గ్రేషియా ఎంత ఇవ్వాలన్నది ఆ రోజు టీవీలో ఎంతసేపు చూపించారన్న దాన్ని బట్టి కూడా మారుతుంది. పరిహారం ఎవరు పోయినా ఒకే లెక్క ప్రకారం రావాలి.

పదిహేడు మంది ఒక్కచోట పోతే మంత్రులు వస్తారు. అదే పదిహేడు మంది పదిహేడు చోట్ల, పదిహేడు రోజుల్లో, ఒక్కొక్కరుగా పరంజాల మీద నుంచి పడిపోతే? జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త. వేపచెట్టు కింద రెండు లక్షల సంచీ. పోయిన ప్రాణం ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకన్న ప్రశ్నకు నాకైతే సమాధానం దొరకలేదు.

ఎవరు జవాబుదారీ?

డబ్బుతో అంతా అయిపోయినట్లేనా? కాదు. పరిహారం కుటుంబాన్ని నిలబెడుతుంది. మళ్లీ అలా జరగకుండా ఆపాలంటే బాధ్యులకు భయముండాలి.

1984 డిసెంబరులో భోపాల్ జరిగింది. ఏడాది తిరిగేసరికి, 1985 డిసెంబరులో ఢిల్లీలోని శ్రీరాం కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైంది. ఆ కేసులో 1986 డిసెంబరు 20న జస్టిస్ పి.ఎన్.భగవతి నాయకత్వంలోని ధర్మాసనం చెప్పిన తీర్పు న్యాయవిద్యార్థులంతా చదువుకునేది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు దాని వల్ల హాని జరిగితే ‘నేను అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా’ అని తప్పించుకోవడానికి వీల్లేదు. అది సంపూర్ణ బాధ్యత. సంస్థ ఎంత పెద్దదైతే పరిహారమూ అంత పెద్దదిగా ఉండాలంది కోర్టు.

1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరిని ఫ్యాక్టరీ అధిపతిగా లెక్కించాలన్నారు. అంతకుముందు ఎవరో చిన్న మేనేజరు పేరు రాసి పెద్దలు పక్కకు తప్పుకునేవారు. కంపెనీలు ఈ సవరణను సవాలు చేస్తే, 1996లో జె.కె.ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

కాగితం మీద ఇంత గట్టిగా ఉంది. ఆచరణలో? వేలమందిని చంపిన భోపాల్ కేసులో 2010 జూన్‌లో కింది కోర్టు వేసిన శిక్ష రెండేళ్లు. అంతకంటే చెప్పేదేముంది!

కొత్త చట్టాల సంగతీ తెలుసుకోవాలి. నిర్లక్ష్యంతో చావుకు కారణమైతే పాత శిక్షాస్మృతిలో గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దాన్ని ఐదేళ్లకు పెంచింది. కార్మిక పరిహార చట్టం అమల్లోకి వచ్చిన సరిగ్గా వందేళ్లకు! 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1923 నాటి చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. పనికి వెళ్తూ, పని ముగించుకుని ఇంటికి వస్తూ దారిలో జరిగే ప్రమాదం కూడా, పనితో సంబంధం ఉందని తేలితే, పరిహారం కిందికి వస్తుందని అందులో రాశారు. భద్రతా నియమాల ఉల్లంఘన వల్ల ఎవరైనా చనిపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షలకు తగ్గకుండా జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా బాధితుల కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకుంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో మరణానికి కనీస జరిమానా పాతిక వేలే.

ఇది మంచి. ఇంకోవైపు, కరెంటుతో నడిచే యూనిట్ ‘ఫ్యాక్టరీ’ అనిపించుకోవాలంటే ఇంతకుముందు పదిమంది పనివాళ్లుంటే చాలు, ఇప్పుడు ఇరవైమంది ఉండాలి. పదిహేనుమందితో నడిచే చిన్న షెడ్డులోనూ మిషన్ వేలిని అలాగే కోస్తుంది కదా! తనిఖీ చేసే అధికారికి ‘సహాయకుడు’ అన్న పేరూ తగిలించారు. ఎవరికి సహాయం అన్నది ముందు ముందు తెలుస్తుంది.

బయల్దేరేముందు

మన ఇళ్లలో ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట పనిచేస్తూనే ఉంటారు. అందుకే ఈ నాలుగు ముక్కలూ.

జీతం, హాజరు రాసుకోండి. వంకర అక్షరాలైనా పర్వాలేదు. ఇప్పుడైతే జీతం ఫోన్లోనే పడుతుంది కాబట్టి ఆ మెసేజ్‌లు చెరపకండి. ఈఎస్‌ఐ నంబరుందేమో అడగండి. ఉంటే దారి వేరు. అక్కడ ఒకేసారి పరిహారం కాకుండా, జీతంలో నూటికి 90 వంతులు లెక్కన ఆధారపడినవాళ్లకు నెలనెలా భృతి వస్తుంది. కార్మిక పరిహారం మళ్లీ విడిగా అడగడానికి లేదు. జరగరానిది జరిగితే ముందు పోలీసు ఫిర్యాదు, శవపరీక్ష. ఈ రెండూ లేకపోతే తర్వాత ఏదీ నిలబడదు. బండి కిరాయికీ దహనానికీ ఎవరైనా సాయం చేస్తే తీసుకోండి. కానీ దానికి బదులుగా ఏమీ రాయని కాగితం మీద సంతకం పెట్టకండి. దరఖాస్తుకు గడువుంటుంది కాబట్టి దినాలు అవ్వగానే జిల్లా కార్మిక శాఖ కార్యాలయం గుమ్మం ఎక్కండి.

చీపురుపల్లి స్టేషన్లో సంచీ భుజాన వేసుకుని రైలు కోసం నిలబడే కుర్రాళ్లకు మరో మాట. మీ అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. పనిలో చేరిన మొదటి రోజే సైటు ముందున్న బోర్డును ఫొటో తీయండి. దాని మీద కట్టించే కంపెనీ పేరుంటుంది. కాంట్రాక్టరు పేరు, మేస్త్రీ నంబరు దాంతోపాటు రాసి ఇంటికి పంపేయండి. అమ్మకో, ఆలికో, చదువుకున్న చెల్లికో. రెండు నిమిషాల పని. ఆ ఫొటో ఎప్పటికీ ఎవరికీ అక్కర రాకపోతే అంతకంటే కావలసిందేముంది!